పాత అనలాగ్ వైర్‌లెస్ నెట్‌వర్క్‌ను డిజిటల్‌కి మార్చడం ఎలా?

"కొండ మీద రిపీటర్ ఉంది. అరవై అనలాగ్ సెట్లున్నాయి, అన్నీ పాతబడిపోయాయి. వీటి బదులు డిజిటల్ సెట్లు కొనేస్తే పనైపోతుందా?" వైర్‌లెస్ పని చూసేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. (సెట్ అంటే వాకీటాకీ, రిపీటర్ అంటే ఒక సెట్ మాటని అందుకుని ఎక్కువ పవర్‌తో తిరిగి పంపే పెట్టె.) పనవ్వదు. సెట్లు కొనడం దాదాపు చివర్లో వచ్చే పని. అంతకంటే ముందు యాంటెన్నా, కేబుల్, లైసెన్సు కాగితాలు, ఎవరు ఎవరితో మాట్లాడాలన్న లిస్టు తేలాలి. ఇవి తేలకుండా డబ్బంతా సెట్ల మీద పెట్టినవాళ్లే కొన్నాళ్లకి "దీనికంటే పాతదే నయం" అంటుంటారు.

ఇక్కడ చెప్పేది మధ్యరకం నెట్‌వర్క్ గురించి. రెండు నుంచి నాలుగు రిపీటర్లు, యాభై నుంచి రెండు వందల సెట్లు ఉండే గని, పోర్టు, షుగర్ ఫ్యాక్టరీ, ఎత్తిపోతల పథకం, మున్సిపాలిటీ లాంటివి. ఈ స్థాయికి సరిపోయేది డీఎంఆర్ (డిజిటల్ మొబైల్ రేడియో అనే ప్రమాణం) టియర్ 2, అంటే రిపీటర్లతో నడిచే మామూలు రకం. ఢిల్లీ మెట్రో వాడే టెట్రా అనే డిజిటల్ రేడియో పద్ధతి వేరే లోకం, దాని ఖర్చూ వేరే. అమెరికా పోలీసులు వాడే పీ25 మనకి అవసరం లేదు. టియర్ 3 ట్రంకింగ్ (ఖాళీగా ఉన్న చానెల్‌ని సిస్టమే వెతికి ఇచ్చే పద్ధతి) గురించి సేల్స్ వాళ్లు గట్టిగా చెప్తారు కానీ, నాలుగు రిపీటర్లకి అది ఎక్కువే.

తెలుసుకోవాల్సిన థియరీ రెండు ముక్కలే. ఒకటి, డీఎంఆర్ 12.5 కిలోహెర్ట్జ్ చానెల్‌ను 30 మిల్లీసెకన్ల వంతులుగా రెండు స్లాట్లు చేస్తుంది. అంటే ఒకే రిపీటర్, ఒకే ఫ్రీక్వెన్సీ జత (వినడానికి ఒకటి, పంపడానికి ఒకటి) మీద ఒకేసారి రెండు సంభాషణలు నడుస్తాయి. రెండు, అనలాగ్‌లో సిగ్నల్ తగ్గేకొద్దీ గరగర పెరుగుతుంది, ఆ గరగరలోనే మన మనుషులు మాట పోల్చుకుంటారు. డిజిటల్‌లో గరగర ఉండదు. చివరి వరకూ శుభ్రంగా వినిపించి, కాసేపు రోబో గొంతులా ముక్కలై, ఆ తర్వాత ఏమీ ఉండదు. కవరేజీ బాగాలేని చోటును డిజిటల్ బాగుచేయదు, కప్పిపెడుతుంది. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు దీని వల్లే.

ఏమేం కావాలి

- ఇప్పుడున్న లైసెన్సు, అందులోని ఫ్రీక్వెన్సీలు, సైట్ల అక్షాంశ రేఖాంశాలు
- పవర్ కొలిచే వాట్‌మీటర్, మీ రిపీటర్ పవర్‌కి తట్టుకునే డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే, పవర్‌ని మింగేసే పరికరం), యాంటెన్నా ఎనలైజర్
- డీఎంఆర్ రిపీటర్లు, సైటుకొకటి, వీలైతే ఒకటి స్పేర్
- డ్యూప్లెక్సర్, అంటే ఒకే యాంటెన్నాతో రిపీటర్ పంపడం, వినడం రెండూ చేసేలా వాటిని విడదీసే ఫిల్టర్ (పాతది పనికిరావచ్చు, 4వ మెట్టు చూడండి)
- పిడుగు దెబ్బ నుంచి కాపాడే సర్జ్ అరెస్టర్లు, ఎర్తింగ్, బ్యాటరీ బ్యాంకు
- ప్రోగ్రామింగ్ కేబుళ్లు, కంపెనీ సాఫ్ట్‌వేర్, ఆ సాఫ్ట్‌వేర్‌కి సరిపడే పాత ల్యాప్‌టాప్ ఒకటి
- సైట్లను కలపాలంటే ఇంటర్నెట్ లేదా సొంత మైక్రోవేవ్ లింకు
- టవర్ ఎక్కడం వచ్చిన మనిషి, సేఫ్టీ బెల్టుతో సహా

1. ఇప్పుడున్నదాన్ని కొలవండి

కొత్తది కొనకముందే పాత నెట్‌వర్క్ ఎలా పనిచేస్తోందో కాగితం మీద ఉండాలి. మీ పరిధిలో మనుషులు నిజంగా నిలబడి మాట్లాడే చోట్లు ముప్పై నలభై ఎంచుకోండి. పంప్‌హౌస్ లోపల, గోడౌన్ వెనక, లోతట్టు రోడ్డు, అంచున ఉన్న చెక్‌పోస్టు. ఒక్కోచోట సెట్ నడుముకి పెట్టుకుని కంట్రోల్ రూమ్‌తో మాట్లాడి, 1 నుంచి 5 వరకూ మార్కులు వేయండి. 1 అంటే ఏమీ అర్థం కాలేదు, 3 అంటే ఒకసారి తిరిగి చెప్పించుకుంటే అర్థమైంది, 5 అంటే హాయిగా వినిపించింది. మార్కులు రెండు వైపులా వేయాలి. కంట్రోల్ రూమ్‌లో వినేవాళ్లు ఒక కాగితం, బయట ఉన్నవాళ్లు ఒక కాగితం.

సెట్ తల పైకెత్తి పట్టుకుని పరీక్షించేవాళ్లుంటారు. అలా వచ్చిన మార్కులకి విలువ లేదు. డ్యూటీలో ఎవరూ సెట్‌ని అలా పట్టుకుని తిరగరు.

ఎంత దూరం వస్తుందో లెక్కేసుకోవాలంటే ఒక చిన్న సూత్రం చాలు. రెండు యాంటెన్నాల ఎత్తులు మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలు కలిపి, 4.12తో గుణించండి. 30 మీటర్ల టవర్, మనిషి చేతిలో 1.5 మీటర్ల ఎత్తున సెట్ అనుకుంటే సుమారు 28 కిలోమీటర్లు వస్తుంది. గోదావరి డెల్టా లాంటి చదును నేల మీద ఈ లెక్కకి కాస్త దగ్గరగా రావచ్చు. నల్లమలలో అయితే ఒక మలుపు తిరిగితే చాలు, సూత్రం పనికిరాదు. "మా సెట్ 50 కిలోమీటర్లు వస్తుంది" అన్న మాట విన్నప్పుడు ఎత్తెంత అని అడగండి.

ఇంకో పని కూడా ఇప్పుడే చేయండి. బాగా రద్దీగా ఉండే ఒక గంట స్టాప్‌వాచ్ పట్టుకుని, చానెల్ ఎన్ని నిమిషాలు బిజీగా ఉందో రాసుకోండి. నా లెక్కలో ఇరవై నిమిషాలు దాటితే ఆ చానెల్ మీద జనం ఒకరి మాట మీద ఒకరు పడుతున్నట్టే, డిజిటల్ రెండో స్లాట్ మీకు నిజంగా కలిసొస్తుంది. ఐదు నిమిషాలే ఉంటే, మార్పుకి మీ దగ్గర వేరే కారణం ఏదైనా ఉండాలి: సెట్ల వయసు, జీపీఎస్, ఎమర్జెన్సీ బటన్ లాంటివి.

2. యాంటెన్నా, కేబుల్ చూడండి

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇచ్చే మెట్టు ఇదే. అయినా ఎక్కువమంది దాటేసేదీ దీన్నే. మచిలీపట్నం, కాకినాడ లాంటి తీరంలో రెండు మూడు వర్షాకాలాలు చూసిన కనెక్టర్‌ని విప్పండి. పైన చుట్టిన టేపు జిగురు జిగురుగా చేతికి అంటుకుంటుంది, లోపల రాగి అల్లిక పచ్చగా మారి ఉంటుంది, ఒక్కోసారి చుక్క నీరు కూడా కారుతుంది. ఇలాంటి కేబుల్ మీద ఏ డిజిటల్ రిపీటర్ పెట్టినా లాభం లేదు.

కేబుల్ రకాన్ని బట్టి నష్టం ఎలా ఉంటుందో చూడండి. 150 మెగాహెర్ట్జ్ దగ్గర, 30 మీటర్ల పొడవుకి:

- ఆర్‌జీ-58 సన్న కేబుల్: సుమారు 6 డీబీ (డెసిబెల్, నష్టం కొలిచే లెక్క). 25 వాట్లు పంపితే పైకి చేరేది ఆరు వాట్లు.
- ఆర్‌జీ-213: సుమారు 2.6 డీబీ. పైకి చేరేది పద్నాలుగు వాట్ల దాకా.
- అరంగుళం హార్డ్‌లైన్: సుమారు 0.9 డీబీ. పైకి చేరేది ఇరవై వాట్లు.

వినేటప్పుడు కూడా ఇంతే నష్టం. వాట్లు పెంచి అవతలివాళ్లకి వినిపించొచ్చు కానీ, వాళ్ల బలహీనమైన సెట్ మీకు వినిపించడానికి వాట్లు పెంచడం పనికిరాదు. యూహెచ్‌ఎఫ్‌లో, అంటే 300 మెగాహెర్ట్జ్ దాటిన ఫ్రీక్వెన్సీల్లో, ఈ నష్టాలు ఇంకా ఎక్కువ.

జాగ్రత్త: కింద గదిలో ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ రానట్టు) 1.2 చూపిస్తే అంతా బాగుందని అనుకోవద్దు. నీళ్లు పట్టిన పొడుగాటి కేబుల్ వెనక్కి వచ్చే పవర్‌ని కూడా తనే మింగేస్తుంది, అందుకే మీటర్ అందమైన అంకె చూపిస్తుంది. సరైన పద్ధతి ఏంటంటే, పైన యాంటెన్నా విప్పి ఆ చివర వాట్‌మీటర్, డమ్మీ లోడ్ పెట్టి, కింద ఎన్ని వాట్లు పంపితే పైన ఎన్ని వస్తున్నాయో చూడటం. ఆ తేడానే మీ కేబుల్ నష్టం. యాంటెన్నాని దాని పక్కనే, చిన్న కేబుల్‌తో విడిగా కొలవండి. ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 వరకూ పర్వాలేదు, అప్పుడు వెనక్కి వచ్చేది 4 శాతమే. 2కి వస్తే 11 శాతం, 3కి వస్తే 25 శాతం. పైన మనిషి ఉన్నంతసేపూ రిపీటర్ మైక్ దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టండి, చెప్పకుండా ఎవరూ నొక్కకూడదు.

3. లైసెన్సు సంగతి ఇప్పుడే మొదలుపెట్టండి

పాత అనలాగ్ లైసెన్సు మీద డిజిటల్ నడిపేయొచ్చని చాలామంది అనుకుంటారు. ఫ్రీక్వెన్సీ అదే అయినా ఎమిషన్ (సిగ్నల్ రకాన్ని చెప్పే కోడు) మారుతుంది. 12.5 కిలోహెర్ట్జ్ అనలాగ్ మాట సాధారణంగా 11కె0ఎఫ్3ఇ, డీఎంఆర్ మాట 7కె60ఎఫ్ఎక్స్ఇ, డేటా 7కె60ఎఫ్ఎక్స్‌డి. టెలికాం శాఖలో ఫ్రీక్వెన్సీలు కేటాయించే డబ్ల్యూపీసీ విభాగానికి సరళ్ సంచార్ పోర్టల్ ద్వారా మార్పు కోరండి. టవర్ ఎత్తు, స్థలం మారితే సాక్ఫా (టవర్ స్థలాలకి అనుమతిచ్చే కమిటీ) క్లియరెన్సు కూడా చూసుకోవాలి. సైట్లను ఇంటర్నెట్ ద్వారా కలపడం, ఎన్‌క్రిప్షన్ వాడటం గురించి మీ లైసెన్సు షరతుల్లో ఏముందో చదివి, అనుమతి అడగాల్సింది ఉంటే ఇదే దరఖాస్తులో అడిగేయండి. తర్వాత ఒక్కో దానికి మళ్లీ తిరగడం విసుగు పని.

ఆన్‌లైన్‌లో దొరికే చవక సెట్ల గురించి ఒక మాట. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ పవర్ సెట్లని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2018 నిబంధనలు వీలిచ్చాయి. అది రిపీటర్లకి వర్తించదు. ఆమోదం లేని వాకీటాకీల ఆన్‌లైన్ అమ్మకాలు ఎక్కువయ్యాయనే 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. ఏ మోడల్ కొన్నా ఈటీఏ (డబ్ల్యూపీసీ ఇచ్చే పరికర ఆమోదం) ఉందో లేదో అమ్మేవాణ్ని అడగండి. నసిగితే వదిలేయండి.

హామ్ (అభిరుచిగా రేడియో నడిపే) మిత్రులకి: మీది ఏఎస్‌ఓసీ (అమెచ్యూర్ ఆపరేటర్ సర్టిఫికెట్), మీ నియమాలు వేరు. పాత అనలాగ్ రేడియోలకి 9600 డేటా పోర్టు ఉంటే, ఎంఎండీవీఎం బోర్డు (డిజిటల్ మోడెమ్), రాస్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్) కలిపి డీఎంఆర్ రిపీటర్ చేసుకోవచ్చు. కింది మెట్లలో 4, 5, 7 మీకూ పనికొస్తాయి. ఫ్యాక్టరీ పనులకి మాత్రం హామ్ బ్యాండ్ వాడకూడదు.

4. డ్యూప్లెక్సర్

ఫ్రీక్వెన్సీ జత మారకపోతే పాత డ్యూప్లెక్సర్ వాడుకోవచ్చు. మారితే మళ్లీ ట్యూన్ చేయించాలి, అది ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో అయ్యే పని కాదు. ఫిల్టర్లు, యాంటెన్నాలు కొలిచే చిన్న వీఎన్‌ఏ పరికరాలకి అంత లోతైన నాచ్ (పంపే సిగ్నల్ రిసీవర్‌లోకి రాకుండా ఆపే కోత) కొలిచే సత్తా ఉండదు. దాంట్లో బాగా కనిపించినా, రిపీటర్ తన గొంతుతో తన చెవినే మూసేసుకుంటూ ఉండొచ్చు. పరీక్ష సులువే: అంచున ఉన్న మనిషి బలహీనమైన సిగ్నల్‌తో మాట్లాడుతుండగా, రిపీటర్ పంపే పవర్‌ని పూర్తి స్థాయి నుంచి బాగా తగ్గించండి. తగ్గించగానే రిసెప్షన్ మెరుగైతే డ్యూప్లెక్సర్‌లోనో కేబుల్ జాయింట్లలోనో లోపం ఉంది.

5. నంబర్ల ప్లాన్ కాగితం మీద రాయండి

సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఇది పూర్తవ్వాలి. మూడు రకాల నంబర్లు ఉంటాయి: ప్రతి సెట్‌కీ విడిగా ఒక రేడియో ఐడీ, గ్రూపులకి టాక్‌గ్రూప్ నంబర్లు, రిపీటర్లకి 0 నుంచి 15 మధ్య కలర్ కోడ్ (సెట్‌లోనూ అదే ఉంటేనే రిపీటర్ పలుకుతుంది).

రేడియో ఐడీని నాలుగంకెల్లో పెడితే బాగుంటుంది. మొదటి అంకె డిపార్ట్‌మెంటు, మిగతావి వరస నంబరు. సెక్యూరిటీ 1001, 1002, మెయింటెనెన్స్ 2001, 2002... సెట్ వెనక స్టిక్కర్ మీద అదే నంబరు వేయండి. మనిషి పేరుతో ఐడీ పెట్టొద్దు, షిఫ్టు మారగానే సెట్ చేతులు మారుతుంది.

టాక్‌గ్రూపుల విషయంలో అందరూ ఒకే పొరపాటు చేస్తారు. గ్రూపులు ఎన్నైనా పెట్టుకోవచ్చని పది పన్నెండు పెట్టేస్తారు. టియర్ 2లో ఒక స్లాట్ మీద ఒకేసారి ఒక సంభాషణే నడుస్తుంది. స్లాట్ 1 మీద ఎనిమిది గ్రూపులు పెడితే, ఒక గ్రూపు మాట్లాడుతుంటే మిగతా ఏడూ ఆగాల్సిందే, పైగా ఎవరు మాట్లాడుతున్నారో వాళ్లకి వినపడదు. పాత అనలాగ్‌లో కనీసం "కాసేపు ఆగు బాబూ" అనుకునే వీలుండేది. కాబట్టి ఐదారు గ్రూపులతో మొదలుపెట్టండి. ప్లాంటు నడిపే పని మొత్తం స్లాట్ 1, సెక్యూరిటీ స్లాట్ 2, ఎమర్జెన్సీ ఏ స్లాట్ తక్కువ బిజీగా ఉంటుందో దాని మీద.

సైట్లను కలిపేటట్టయితే ఒక స్లాట్‌ని మాత్రమే అన్ని సైట్లకీ కలపండి, రెండోది ఏ సైటుకి ఆ సైటు లోకల్‌గా ఉంచండి. రెండూ కలిపితే, ఒక మూల గేటు దగ్గర ఇద్దరు టీ గురించి మాట్లాడుకున్నా అన్ని కొండల మీదా ఆ స్లాట్ బిజీ అవుతుంది.

కలర్ కోడ్ పక్క పక్క సైట్లకి వేర్వేరుగా ఇవ్వండి. అయితే అది రక్షణ కవచమేమీ కాదు. వేసవిలో బంగాళాఖాతం మీదుగా దూరపు సిగ్నళ్లు తీరానికి వచ్చిపడే రోజులుంటాయి. అప్పుడు కలర్ కోడ్ వేరుగా ఉంటే వాళ్ల మాట మీకు వినపడదు, అంతే. వాళ్ల సిగ్నల్ మీ సిగ్నల్‌ని పాడుచేయడం మాత్రం ఆగదు.

6. సైట్ల మధ్య లింకు, కరెంటు

ఒకే రిపీటర్ ఉంటే లింకు గొడవ లేదు, కరెంటు సంగతి మాత్రం చదవండి.

డీఎంఆర్ రిపీటర్లు ఐపీ మీద కలుస్తాయి. ఒకటి మాస్టర్, మిగతావి దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. మాస్టర్‌కి స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రస్) ఉండాలి. సిమ్ కార్డు రూటర్ పెట్టి "కనెక్ట్ అవ్వట్లేదు" అని తల పట్టుకునేవాళ్లు చాలామంది. మొబైల్ ఆపరేటర్లు మామూలుగా ఒక పబ్లిక్ అడ్రస్‌ని వేలమందికి పంచుతారు, బయటి నుంచి మీ రిపీటర్‌ని ఎవరూ అందుకోలేరు. మాస్టర్‌ని స్టాటిక్ ఐపీ ఉన్న ఫైబర్ కనెక్షన్ మీద పెట్టండి. అది దొరకకపోతే అన్ని సైట్లనీ ఒక వీపీఎన్‌లోకి (ఇంటర్నెట్ మీద నడిచే సొంత నెట్‌వర్క్) తీసుకురండి. కొండకీ ఆఫీసుకీ మధ్య చూపు అడ్డులేకుండా ఉంటే 5.8 గిగాహెర్ట్జ్ పాయింట్ టు పాయింట్ లింకు ఇంకా నయం, నెల బిల్లు ఉండదు. మధ్యలో యూకలిప్టస్ తోటలు ఉంటే అవి మూడేళ్లలో ఎంత పెరుగుతాయో కూడా లెక్కలోకి తీసుకోండి.

వాయిస్‌కి కావాల్సిన స్పీడు చాలా తక్కువ. నిలకడ ముఖ్యం. పెద్ద స్పీడు ఉండి, పింగ్ (డేటా వెళ్లి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) ఒకసారి 40, ఒకసారి 400 చూపించే లైను కంటే, చిన్న స్పీడుతో ఎప్పుడూ 80 చూపించే లైను మేలు.

లింకు తెగినా ప్రతి రిపీటర్ తన పరిధిలో మామూలుగా పనిచేయాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు, సెల్ ఫోన్లు రెండూ పడిపోయాయి. ఇంటర్నెట్ మీద మాత్రమే నిలబడ్డ వైర్‌లెస్ నెట్‌వర్క్ అలాంటి రోజున ఫోన్‌తో పాటే పోతుంది.

బ్యాటరీ లెక్క ఇలా వేయండి. ఉదాహరణకి రిపీటర్ పంపేటప్పుడు 9 ఆంపియర్లు, ఊరికే ఉన్నప్పుడు 1 ఆంపియర్ తీసుకుంటుందనుకుందాం. మూడో వంతు కంటే కాస్త తక్కువ సేపు పంపుతుందంటే సగటు 3.4 ఆంపియర్లు. 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి కాబట్టి పదిహేను గంటల లోపు. తీర ప్రాంతమైతే రెండు బ్యాటరీలు, ఒక సోలార్ ప్యానెల్ పెట్టుకోండి. రామగుండం, రెంటచింతల వైపు అయితే గదిలో గాలి ఆడేలా చూడండి. రేకుల షెడ్‌లో మే నెల మధ్యాహ్నం రిపీటర్ తనంతట తనే పవర్ తగ్గించుకుంటుంది, మీరేమో యాంటెన్నా పాడైందనుకుని టవర్ ఎక్కిస్తారు.

7. టేబుల్ మీద అంతా పనిచేయించండి

రిపీటర్లన్నీ ఆఫీసులో ఒక టేబుల్ మీద పెట్టి, డమ్మీ లోడ్లు తగిలించి, లింకు కలిపి, నాలుగు సెట్లతో మాట్లాడండి. ఇక్కడ అయిదు నిమిషాల్లో తెలిసే తప్పు కొండ మీద ఒక రోజు తింటుంది. ఎక్కువగా దొరికే తప్పులు ఇవి:

- సెట్‌లో స్లాట్ 1, రిపీటర్‌లో గ్రూపు స్లాట్ 2. సెట్ నొక్కితే రిపీటర్ లేస్తుంది, ఎవరికీ వినపడదు.
- కలర్ కోడ్ తేడా. నొక్కగానే తిరస్కరించే టోన్ వస్తుంది.
- రిసీవ్ గ్రూప్ లిస్టులో గ్రూపు నంబరు వేయడం మర్చిపోవడం. మాట్లాడగలరు, వినలేరు. "సెట్ పాడైంది" అని వెనక్కి వచ్చే కొత్త సెట్లలో చాలావాటి జబ్బు ఇదే.
- క్లోన్ చేసి రేడియో ఐడీ మార్చకపోవడం. పది సెట్లకీ 1001 అని చూపిస్తుంది. ఎమర్జెన్సీ బటన్ నొక్కినప్పుడు ఎవరు నొక్కారో తెలియదు.
- చానెల్ ఖాళీగా ఉన్నప్పుడే మాట్లాడనిచ్చే సెట్టింగ్ పెట్టకపోవడం. ఒకరి మీద ఒకరు పడతారు.

ఒక మాస్టర్ ఫైలు ఉంచండి, పేరులో తేదీ వేయండి, రెండు చోట్ల దాచండి. ఆ సెట్లు ప్రోగ్రామ్ చేసిన మనిషి ఉద్యోగం మానేస్తే ఫైలు కూడా అతని ల్యాప్‌టాప్‌తో వెళ్లిపోవడం మామూలే.

సెట్లు రెండు కంపెనీలవి కలిపి కొనొచ్చా? గ్రూపు మాట వరకూ సాధారణంగా కలుస్తాయి. జీపీఎస్, మెసేజ్, ఎన్‌క్రిప్షన్ దగ్గర ఎవరి దారి వాళ్లది. రిపీటర్లు మాత్రం అన్నీ ఒకే కంపెనీవి తీసుకోండి.

8. మారే పద్ధతి ఎంచుకోండి

మూడు దారులున్నాయి. ఒకటి, కొత్త ఫ్రీక్వెన్సీ జత మీద డిజిటల్ పెట్టి, పాత అనలాగ్‌ను పక్కన నడుపుతూ డిపార్ట్‌మెంటు తర్వాత డిపార్ట్‌మెంటుని తరలించడం. ఫ్రీక్వెన్సీ దొరికితే నా ఓటు దీనికే. రెండు, సెలవు రోజు చూసి ఒకేసారి అన్నీ మార్చేయడం. యాభై సెట్ల లోపు అయితే ఇదే సులువు. మూడు, రిపీటర్‌ని మిక్స్‌డ్ మోడ్‌లో పెట్టడం.

మిక్స్‌డ్ మోడ్ గురించి అపోహ ఎక్కువ. అది అనలాగ్‌ని డిజిటల్‌గా మార్చి వినిపించదు. అనలాగ్ సెట్ వస్తే అనలాగ్‌గా, డిజిటల్ సెట్ వస్తే డిజిటల్‌గా తిరిగి పంపుతుంది, అంతే. అనలాగ్ వాళ్లు మాట్లాడినంతసేపూ రెండు స్లాట్లూ ఆగిపోతాయి. డిజిటల్ నడుస్తున్నప్పుడు టోన్ పెట్టని అనలాగ్ సెట్లలో బర్ర్‌ర్ మని భరించలేని మోత వస్తుంది, కాబట్టి ముందు వాటన్నిటిలో సీటీసీఎస్‌ఎస్ టోన్ (ఆ గుర్తు ఉన్న మాటకే స్పీకర్ తెరిచే టోన్) పెట్టండి. ఈ మోడ్‌ని కొన్ని వారాలకే పరిమితం చేయండి. ఏళ్ల తరబడి అలాగే వదిలేసిన చోట్ల రెండింటి కష్టాలూ పడుతున్నారు.

9. మనుషులకి నేర్పండి

పావుగంట చాలు, కానీ చేతిలో సెట్ పెట్టి నేర్పాలి. ముఖ్యమైనది బీప్. డిజిటల్‌లో బటన్ నొక్కాక రిపీటర్ లేచి, సెట్‌కి అనుమతి ఇచ్చి, చిన్న బీప్ వస్తుంది. పాత అలవాటులో నొక్కుతూనే మాట్లాడితే మొదటి మాట పోతుంది. "మూడో గేటు దగ్గరికి రా" అంటే అవతల "గేటు దగ్గరికి రా" అని వినిపిస్తుంది. అతను ఒకటో గేటుకి పోతాడు, ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటారు. నొక్కు, బీప్ విను, మాట్లాడు. ఇదొక్కటి గోడ మీద రాసి అంటించండి.

మైక్ నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. అరవకూడదు. వోకోడర్ (గొంతుని డిజిటల్‌గా మార్చే భాగం) అరుపుని ముద్ద చేస్తుంది. ఇద్దరు పక్కపక్కనే నిలబడితే రెండో సెట్ సౌండ్ తగ్గించాలి, లేకపోతే కూత వస్తుంది. కొద్దిగా ఆలస్యంగా వినిపించడం మామూలే, అది లోపం కాదు.

10. ఫలితం సరిచూడండి

మొదటి మెట్టులో వేసిన మార్కుల కాగితం తీయండి. అవే చోట్లు, సెట్ నడుముకే, అదే విధంగా మళ్లీ మార్కులు వేయండి. ఈసారి సెట్ చూపించే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందుతున్న సిగ్నల్ బలం) అంకె కూడా రాసుకోండి. పాతలో 3 ఉన్న చోట ఇప్పుడు 5 కానీ 1 కానీ కనిపిస్తుంది, మధ్యవి తక్కువ. 5 వచ్చిన చోట ఆర్‌ఎస్‌ఎస్‌ఐ మైనస్ 115 డీబీఎం దగ్గరుంటే సంతోషించకండి, అంచు మీద ఉన్నారు. గోడౌన్‌లో సరుకు నిండితే అక్కడ మాట తెగుతుంది. అలాంటి చోట్లకి యాంటెన్నా దిశ మార్చడమో, చిన్న రిపీటర్ కలపడమో చూడండి.

తర్వాత ఇవి ఒక్కొక్కటీ చేసి చూడండి:

- రెండు స్లాట్ల మీద ఒకేసారి మాట్లాడించండి. ఒకదాని వల్ల ఇంకోటి తెగకూడదు.
- లింకు కేబుల్ పీకండి. లోకల్‌గా మాట నడవాలి. మళ్లీ పెడితే దానంతట అదే కలవాలి, ఎవరూ కొండ ఎక్కకూడదు.
- మెయిన్స్ ఆపి బ్యాటరీ మీద రాత్రంతా వదలండి. పొద్దున వోల్టేజీ చూడండి.
- ప్రతి సెట్‌లోనూ ఎమర్జెన్సీ బటన్ నొక్కి, కంట్రోల్ రూమ్‌లో సరైన ఐడీ వచ్చిందో టిక్ పెట్టుకోండి. "కొన్ని చూశాం కదా" అని ఆపొద్దు.
- ఒక సెట్ పోయిందనుకుని దాన్ని దూరం నుంచే నిలిపేసే ఫీచర్ పరీక్షించండి, తిరిగి బతికించడం కూడా.

కొత్త సెట్లన్నిటిలోనూ చివరి చానెల్‌గా ఒక అనలాగ్ సింప్లెక్స్ (రిపీటర్ లేకుండా సెట్ నుంచి సెట్‌కి నేరుగా) ఉంచండి, లైసెన్సులో ఆ ఫ్రీక్వెన్సీ, ఎమిషన్ ఉండేలా చూసుకుని. రిపీటర్లన్నీ పడిపోయిన రోజు పక్కనున్న మనిషితో మాట్లాడటానికి అదే దిక్కు.

పాత సెట్లని స్టోర్ రూమ్‌లో పడేసి మర్చిపోవద్దు, ఎవరికి పడితే వాళ్లకి అమ్మనూ కూడదు. లైసెన్సులో ఎన్ని సెట్లు రాసి ఉన్నాయో అన్నిటికీ లెక్క చూపాలి. సీరియల్ నంబర్లతో లిస్టు చేసి, వాడకం ఆపినట్టు డబ్ల్యూపీసీకి రాసి, అమ్మకం గురించి వాళ్లు చెప్పినట్టే చేయండి. నికెల్ కాడ్మియం బ్యాటరీలని మాత్రం విడిగా తీసి ఈ-వేస్ట్ తీసుకునే వాళ్లకే ఇవ్వండి, చెత్తబుట్టలోకి పోకూడదు.